తొమ్మిది కుర్చీలు, ఒక చాప

నిద్రసభ ఉన్న రోజు భీమిలి కొండమీది ప్రయోగశాలలో భోజనం తొందరగా పెట్టేవారు. ఆ రోజు పెరుగన్నం తప్పనిసరి. పెరుగన్నం తింటే నిద్ర పడుతుందని వంటావిడ నమ్మకం. డాక్టర్ జిలానీ కాదనేవాడు కాదు. తన యంత్రం చేసే పనిలో సగం ఆవిడే చేస్తోందని కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పేవాడు.

భోజనం అయ్యాక దమయంతి కిటికీలు లేని గదిలోకి వెళ్ళి మంచమ్మీద పడుకునేది. తలకి వలలాంటి టోపీ తొడిగేవారు. కొండకింద సముద్రం చప్పుడు వినిపిస్తూ ఉండేది. కాసేపటికి ఆ చప్పుడు ఆగేది. ఆగిందంటే ఆమె నిద్రపోయినట్టు. కళ్ళు తెరిస్తే వసారాలో నిలబడి ఉండేది.

ఆ వసారా ఏ దేశంలోనూ లేదు. చాలా దేశాల మనుషులు ఒకేసారి నిద్రపోయి ఒకే కల కన్నప్పుడు అది ఉంటుంది. వాళ్ళు మేలుకుంటే ఉండదు. పెద్ద యుద్ధం అయ్యాక తొమ్మిది దేశాలు కలిసి ఆ కలలో ఒక ఇల్లు కట్టుకున్నాయి. అక్కడ అబద్ధం నిలవదు. సరిహద్దులో మా సైన్యం లేదని ఎవరైనా అంటే, వెంటనే ఆయన కుర్చీ వెనక సైనికులు వరసగా నిలబడి కనిపిస్తారు. అందుకని ముఖ్యమైన మాటలన్నీ అక్కడ జరిగేవి. సంతకాలు మేలుకున్నాక పెట్టుకునేవారు.

ఆ ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరి జ్ఞాపకం. చెక్కనేల ఒక దేశం ఇచ్చింది. కిటికీలు ఇంకో దేశం ఇచ్చింది. కిటికీ బయట ఎప్పుడూ కురిసే మంచు మూడో దేశంలో ఒక ముసలాయన చిన్నతనంలో చూసిన మంచు. ఇచ్చిన తర్వాత ఆయనకి అది గుర్తులేదు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు సామాను ఆ ఇంటికి వెళ్తే ఈ ఇంట్లో ఉండదు కదా, ఇదీ అంతే అనేవాడు జిలానీ.

లోపల తొమ్మిది కుర్చీలు. మిగతా దేశాల వాళ్ళు అద్దాల తలుపు ఇవతల వసారాలో నిలబడి చూడాలి. మాట లోపలికి వినపడదు. కూర్చోడానికి తమ వస్తువేదీ లేనివాళ్ళు ఆ కలలో ఎక్కువసేపు ఉండలేరు. ముందు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. తర్వాత మోకాళ్ళు సడలుతాయి. తర్వాత మెలకువ వస్తుంది.

దమయంతి భారతదేశం తరఫున పన్నెండేళ్ళు అక్కడ నిలబడింది. పక్కన తలావి దేశం పెద్దాయన తూవా నిలబడేవాడు. తలావి అంటే మూడు దీవులు. రెండు మునిగాయి. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడ నీళ్ళు చేరేవి. ముందే క్షమించమని చెప్పి, తన కాళ్ళ దగ్గర్నించి ఆ నీళ్ళు ఆమెవైపు పోకుండా కాస్త ఎడంగా జరిగేవాడు. ఆయన అడగడానికి వచ్చింది నేల. తన జనం ఉండడానికి ఎక్కడో ఒకచోట నేల. పన్నెండేళ్ళుగా అడగడానికి వీలు పడలేదు.

ఒక మధ్యాహ్నం లోపల ఆకాశం గురించి మాట్లాడుకున్నారు. భూమిని చల్లబరచడానికి పైగాలుల్లో ఏదో పొడి చల్లాలని తీర్మానం. బల్లమీద కంచమంత మబ్బు లేచింది. దాన్ని ఒకాయన వేలితో పక్కకి నెట్టాడు. దమయంతి తలుపు బాదింది. ఎవరూ తిరిగి చూడలేదు. మేలుకున్నాక కూడా ఆమె వేళ్ళ కణుపులు నొప్పిగా ఉన్నాయి. ఆ ఏడు శ్రావణం సగం గడిచేదాకా శ్రీకాకుళం వైపు నారుమళ్ళు తడవలేదు.

తర్వాత కొన్నేళ్ళకి దేశం మారింది. సముద్రాల మీద తిరిగే ఓడల్లో మనవి ఎక్కువయ్యాయి. తొమ్మిది దేశాల వాళ్ళు నిద్రపోయే యంత్రాల్లో కొన్ని భీమిలి నుంచే వెళ్ళసాగాయి. మనల్ని ఇంకా వసారాలో ఉంచడం వాళ్ళకే ఇబ్బంది అయింది. కబురు పంపారు. రండి, పదో స్థానం మీదే. కుర్చీ మాత్రం మీరే తెచ్చుకోవాలి. మీరు కూర్చున్నాక తలుపు మూసేద్దాం. ఇక ఎవరూ రాకూడదు.

ఢిల్లీ ఒప్పుకుంది. విదేశాంగ శాఖ నుంచి పరాంకుశంగారు భీమిలి వచ్చి గెస్ట్‌హౌస్‌లో దిగారు.

మొదట ఆయన ఒక సింహాసనం లాంటి కుర్చీ అనుకున్నారు. రోజ్‌వుడ్, మీద నెమళ్ళు. శిక్షణలో ఉన్న ఒక యువకుడికి ఆ కుర్చీని నెల రోజులు చూపించి నిద్రపుచ్చారు. కుర్చీ వచ్చింది. కూర్చోగానే మంచులా విరిగింది. కుర్రాడు మంచమ్మీంచి కిందపడి మేలుకున్నాడు.

"చూసిన వస్తువు చాలదండీ. బతికిన వస్తువు కావాలి," అన్నాడు జిలానీ.

దమయంతిని పడుకోబెట్టారు. చిన్న కలలో, జిలానీ ఒక్కడే తోడుగా, రిహార్సల్. ఆమె కుర్చీ తేవాలనే పడుకుంది. చేతిలో ఈతాకు చాప ఉంది. మర్నాడూ అదే. ఆఫీసులో తను పదేళ్ళు కూర్చున్న కుర్చీని తలుచుకుని పడుకున్నా చాపే వచ్చింది. దాన్ని పరిచి, ఒక అంచున కూర్చునేది. చాప విరగలేదు.

"చాపా!" అన్నారు పరాంకుశంగారు. "వాళ్ళు తొమ్మిదిమందీ కుర్చీల్లో, మనం వాళ్ళ కాళ్ళ దగ్గరా? ఇది పేపర్లో ఎలా వస్తుందో మీకు తెలుసా?"

"మా ఇంట్లో ఒకటే కుర్చీ ఉండేది సార్. ప్లాస్టిక్‌ది. వచ్చినవాళ్ళకి. మేమెప్పుడూ అందులో కూర్చోలేదు."

"ఇంకేం లేవా? సోఫా? కనీసం స్టూలు?"

"లేవండి."

పరాంకుశంగారు కిటికీలోంచి సముద్రం చూశారు. "పోనీ, యోగాకి లింకు పెడదాం," అన్నారు.

రిహార్సల్లో తెచ్చినవి మేలుకోగానే వెనక్కి వచ్చేసేవి. సభ జరిగే ఇంట్లో పెట్టినవి రావు. అందుకని నిబంధన ప్రకారం ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించాలి. దమయంతికి ఇంట్లోవాళ్ళంటే అక్క. పేరు అప్పలనర్సమ్మ. రాజాం ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. బస్సులో వచ్చింది. సంచిలో జంతికలు తెచ్చింది. నిద్రగది, మంచం, టోపీ అన్నీ తిరిగి చూసింది.

"ఏటే గుంటా, ఇదేనా నీ ఉద్యోగం? పడుకోడానికి జీతమిస్తారా?"

"ఇస్తారక్కా."

"మీ బావకి సెప్పకు. రేపే దరఖాస్తు పెట్టీగలడు."

జిలానీ నవ్వి కుర్చీ వేశాడు. విషయం చెప్పాడు. ఆమె జంతిక విరుస్తూ విన్నది.

"సాపే కదా. పట్టుకుపోనీండి. సంతలో బోల్డన్ని."

"చాప ఒక్కటే కాదమ్మా. దానిమీద జరిగిందంతా దాంతో వెళ్తుంది."

అప్పలనర్సమ్మ చేతిలో జంతిక బల్లమీద పెట్టింది. "మా డాబా మీద సాపేనా?" అని చెల్లెల్ని అడిగింది.

దమయంతి తలూపింది.

"అయితే సూరిగాడు?"

"వాడూ దాంతోనే వెళ్తాడక్కా," అంది దమయంతి.

సూరి వాళ్ళిద్దరి తర్వాత పుట్టినవాడు. ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. బడిలో వెయ్యడానికి ఫొటో తీయించాలనుకున్నారు, ఆ నెలలోనే పోయాడు. అమ్మా నాన్నా కూడా పోయాక, వాడు ఉండేవాడని తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. దమయంతికి వాడు గుర్తున్నదంతా వేసవిలో, డాబా మీద, ఆ చాప మీద. నీళ్ళు చల్లిన డాబా వాసన వచ్చేది. అందరూ పడుకున్నాక వాడు మెట్లెక్కి వచ్చేవాడు. వాడికి మధ్యలోనే కావాలి. "జరగండే," అనేవాడు. ఇద్దరూ చెరో అంచుకీ జరిగేవారు. బాబాయి పిల్లలు వచ్చిన రోజున కూడా అదే చాప. ఎంతమంది వస్తే అంతమందీ దానిమీదే. వాడు మూల కూర్చుని చాప ఆకులు పీకి ఉంగరాలు చేసి ఆడపిల్లలందరికీ తొడిగేవాడు. అమ్మ తిట్టేది.

"వాణ్ణి తలుచుకోడానికి ఇద్దరమున్నాం," అంది అప్పలనర్సమ్మ. "రేపట్నించి నానొక్కదాన్నే తలుచుకోవాలా?"

"ఇంకేవీ రావట్లేదక్కా. అన్నీ ప్రయత్నించాను."

"మరి నాను సెప్తే? కూకోబెట్టి మొదట్నించీ సెప్తే?"

జిలానీ వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెప్తే తెలుస్తుందమ్మా. గుర్తురాదు."

కింద అలలు వచ్చి పోతున్నాయి. అప్పలనర్సమ్మ చెల్లెలి వైపు తిరిగింది.

"ఆ వసారాలో ఎన్నేళ్ళు నిలబడ్డావే?"

"పన్నెండు."

"ఎవులూ లోపలికి రమ్మన్లేదా? కూకోమన్లేదా?"

"లేదు."

"ఏం మనుషులే వాళ్ళు! గుమ్మంలోకొచ్చినోళ్ళని నిలబెట్టేస్తారా ఎవులైనా?"

లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. వచ్చి చెల్లెలి తలమీద తడిచెయ్యి వేసింది.

"పట్టుకెళ్ళు. వాడి కబుర్లు ఇప్పుడు సెప్పమనకు. నీకు పోయేక సెప్తాను. కొత్తగా వింటావు."

సభ రోజున పరాంకుశంగారు నిద్రగది దాకా వచ్చారు.

"ఒక్క మాట, దమయంతిగారూ. తలుపు మూయాలా అని అడుగుతారు. మీరు అవుననాలి. అంతే పని."

"అక్కడ అబద్ధం నిలవదు సార్."

"అబద్ధం ఎందుకవుతుంది? దేశం అవునంటోంది. మీరు దేశం గొంతుతో చెప్పండి."

ఆమె సరేనంది. పెరుగన్నం తిని పడుకుంది. సముద్రం ఆగింది.

వసారాలో ఆమె చంకలో చాప చుట్ట ఉంది. తూవా చూసి నవ్వాడు. "మీ వంతు వచ్చింది," అన్నాడు. ఆయన మోకాళ్ళు అప్పటికే వణుకుతున్నాయి. అద్దాల తలుపు లోపలికి తెరుచుకుంది. ఆమె ఒక్కతే వెళ్ళింది.

బల్ల చివర ఖాళీ ఉంది. అక్కడ నేలమీద చాప విప్పింది. విప్పుతున్నంతసేపూ నీళ్ళు చల్లిన డాబా వాసన గదంతా నిండింది. తొమ్మిదిమందీ తలలెత్తి వాసన చూశారు. ఎవరో చిన్నపిల్లాడు మెట్లమీద ఆగినట్టు అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత ఆ చప్పుడు గోడల్లోకి, నేలలోకి పోయింది. చాప పూర్తిగా పరుచుకుంది.

దమయంతి దాన్ని చూసింది. పాత చాప. ఒక మూల అల్లిక ఊడి ఉంది. ఎవరో పిల్లలు పీకి ఉంటారనుకుంది. అంచున కూర్చుంది.

అక్కణ్ణించి బల్లకింద కనిపిస్తోంది. తొమ్మిదిమంది కాళ్ళూ గాలిలో వేలాడుతున్నాయి. ఎవరివీ నేలకి ఆనలేదు. అవి వాళ్ళు చిన్నప్పుడు ఎక్కి కూర్చున్న కుర్చీలు. తాతలవి, నాన్నలవి. పిల్లల కళ్ళకి ఎంత పెద్దవిగా కనిపించాయో అంత పెద్దవి. పన్నెండేళ్ళు వసారాలోంచి చూసినా ఆమెకి ఈ సంగతి తెలియలేదు.

సభాధ్యక్షురాలు తెల్లజుట్టు మనిషి. వీపు ఎత్తుగా ఉన్న కుర్చీలోంచి మాట్లాడింది.

"పదో సభ్యురాలికి స్వాగతం. మొదటి విషయం తలుపు. ఇక మూసేద్దామా?"

ఒక్కొక్కరే అవునన్నారు. ఎవరి వెనకా ఏమీ లేవలేదు. వాళ్ళు మనస్ఫూర్తిగానే అంటున్నారు. తొమ్మిదో మనిషి అయ్యాక అధ్యక్షురాలు దమయంతి వైపు చూసింది.

దమయంతి అవునని చెప్పడానికి తల ఎత్తింది. ఎదురుగా తెరిచిన తలుపు ఉంది. గుమ్మంలో తూవా నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి ద్వారబంధానికి ఆన్చి ఉంది. ఆయన కాళ్ళకింద నీళ్ళు గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి.

ఆమె ఇంకా అంచుకి జరిగింది. పక్కన చాపని చేత్తో తట్టింది.

"రండి, కూర్చోండి," అంది.

తెలుగులోనే అంది. అక్కడ ఏ భాషైనా అందరికీ అర్థమవుతుంది. తూవా కుర్చీల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. వచ్చి చాప మధ్యలో కూర్చున్నాడు. కాళ్ళు చాచుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత కూర్చున్న మనిషి ఎలా ఊపిరి వదులుతాడో అలా వదిలాడు. ఆయన మేలుకోలేదు.

బల్ల చుట్టూ కలకలం. అధ్యక్షురాలు చెయ్యెత్తింది.

"సభ అనుమతి లేకుండా ఎవరికీ కుర్చీ ఇవ్వకూడదు."

"కుర్చీ ఇవ్వలేదమ్మా. కాస్త జరిగాను, అంతే."

తొమ్మిదిమందీ ఆమె వెనక చూశారు. ఏమీ లేవలేదు. ఆ మాట నిజం. నిబంధనలు రాసినవాళ్ళకి కుర్చీలే తెలుసు. ఒక ఆసనం మీద ఒకరికంటే ఎక్కువమంది కూర్చోవచ్చన్న సంగతి వాళ్ళు ఎక్కడా రాయలేదు.

"ఎంతమంది పడతారు దానిమీద?" అని అడిగింది అధ్యక్షురాలు.

దమయంతి జవాబు కోసం వెతుక్కుంది. ఆ జవాబు ఒకప్పుడు తనకి తెలిసి ఉండాలి అనిపించింది. దాని చోట ఏమీ లేదు. తడి ఆరిన నేలలా ఉంది.

"తెలీదండీ," అంది.

అప్పుడూ ఏమీ లేవలేదు.

వసారాలోంచి ఇంకొకామె వచ్చింది. తర్వాత ఇద్దరు. కొందరు చెప్పులు గుమ్మం దగ్గర విప్పారు, ఎవరూ చెప్పకుండానే. చాప పెరగలేదు. వాళ్ళే సర్దుకున్నారు. తలుపు మూయడానికి ఒకాయన కుర్చీలోంచి దిగబోయాడు. కాళ్ళు అందక కాసేపు వేలాడాడు. దిగాక కూడా మూయలేకపోయాడు. గుమ్మంలో ఎప్పుడూ ఎవరో ఒకరున్నారు.

తూవా గొంతు సవరించుకున్నాడు. "నేల గురించి అడగడానికి వచ్చాను," అన్నాడు.

దమయంతి మేలుకునేసరికి పరాంకుశంగారు మంచం పక్కనే నిలబడి ఉన్నారు. ఢిల్లీ నుంచి అప్పటికే ఫోన్లు వస్తున్నాయి.

"నలభై ఏళ్ళు అడిగి అడిగి బస్సులో ఒక సీటు సంపాదించాం," అన్నారాయన. "మీరు దాంట్లో ఊరందర్నీ కూర్చోబెట్టారు. అందరూ కూర్చుంటే ఇక మనం కూర్చున్నదానికి విలువేమిటి?"

"చేద్దామని చెయ్యలేదు సార్."

"మరి?"

"ఆయన గుమ్మంలో నిలబడ్డాడు."

మంచమ్మీద ఓ పక్క జరిగి ఆమె తన పక్కన చోటిచ్చింది. పరాంకుశంగారు కూర్చున్నారు. కూర్చున్నాక గానీ ఆ సంగతి గమనించలేదు.

వారం తిరక్కుండా ఆమెని ఆ పనిలోంచి తప్పించారు. కొన్ని పత్రికలు గొప్పపని అన్నాయి. కొన్ని దేశం చేతికొచ్చిన కంచం జారవిడుచుకుందన్నాయి. కొత్త ప్రతినిధి ఆ చాప అంచునే కూర్చుంటున్నాడు. దాన్ని చుట్టేయమని తొమ్మిది దేశాలూ అడిగాయి. చుట్టాలంటే దాన్ని తెచ్చిన మనిషికి అది గుర్తుండాలని జిలానీ జవాబు రాశాడు. దమయంతికి ఇప్పుడు అది గుర్తులేదు. తలావికి నేల ఇంకా దొరకలేదు. రెండుచోట్ల మాటలు నడుస్తున్నాయి.

ఎండలు ముదిరాక దమయంతి రాజాం వెళ్ళింది. సాయంత్రం అక్క డాబా మీద నీళ్ళు చల్లింది. చెట్నీ నూరుతూనే కబుర్లు మొదలుపెట్టింది.

"మనకో తమ్ముడుండేవోడు."

"డాక్టరుగారు చెప్పారు. సూరి అని."

"వాడికి పొగరెక్కువ. నీ జడ పట్టుకుని గానీ పడుకునేవోడు కాదు. నువ్వు కొట్టీదానివి."

"నేనా?"

"మరి నానా?"

దమయంతి నవ్వింది. పొరుగువాళ్ళ పిల్లాడి అల్లరి విన్నట్టు, మర్యాదగా నవ్వింది. తర్వాతేమైందని అడిగింది. ఆకు ఉంగరాల గురించి, జ్వరం గురించి, తీయించని ఫొటో గురించి అప్పలనర్సమ్మ చెప్పింది. జ్వరం దగ్గర ఆమె నూరడం ఆపేసింది. దమయంతి అక్క చెయ్యి పట్టుకుంది. ఆమెకి బాధ కలిగింది. ఆ బాధ అక్కని చూసి కలిగింది.

"ఏడుపు రాట్లేదు కదే నీకు?"

"లేదక్కా. ఏమీ అనుకోకు."

"ఎందుకనుకుంటాను."

వెలుతురు తగ్గుతోంది. చెరువువైపు నుంచి గాలి మొదలైంది. అప్పలనర్సమ్మ సంతలో కొన్న కొత్త చాప తెచ్చి పరిచింది. కింద గిన్నెలు సర్దడానికి వెళ్ళింది. దమయంతి నడుం వాల్చింది.

అప్పలనర్సమ్మ తిరిగి మెట్లెక్కి వచ్చి ఆగింది. డాబా అంతా ఖాళీ. చాప అంతా ఖాళీ. చెల్లెలు కుడివైపు అంచుమీద, సగం భుజం నేలమీదే ఉండగా, పక్కకి తిరిగి పడుకుని ఉంది. తనొక్కదాని కోసమైతే అంత చోటు వదలక్కర్లేదు.

"అంత సివరికి పడుకున్నావేటే?"

"ఏమో," అంది దమయంతి నిద్రమత్తులో. "ఇలాగే బాగుంది."

అప్పలనర్సమ్మ చెప్పులు విప్పింది. చాప చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమ అంచున పడుకుంది.